కాంటా గది పాత పీసీలో ల్యాన్ పోయింది: బోర్డుతో కుస్తీనా, వేరే కార్డా?

మిర్యాలగూడ_మిల్లు
రైస్‌మిల్లు గేటు కాడ కాంటా గదిల పీసీ. జీ31 మదర్‌బోర్డు, విండోస్ ఎక్స్‌పీ ఎస్‌పీ3. కాంటా ఇండికేటర్ సీరియల్ పోర్ట్ మీద నడుస్తది, సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ మీదనే పనిచేస్తది, కాబట్టి పీసీ మార్చే ముచ్చట లేదు. ఉరుముల వాన పడ్డప్పటి నుంచి ల్యాన్ (నెట్‌వర్క్ కేబుల్) మీద ఆఫీసు పీసీకి తూకాలు పోతలేవు. 'నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్' అంటది. కేబుల్ 60 మీటర్లు, ఆరుబయట గోడ వెంట. ఒక మెకానిక్ బోర్డే మార్చాలంటడు, ఇంకొకాయన యూఎస్‌బీకి పెట్టే ల్యాన్ అడాప్టర్ చాలంటడు. ఏది నిజం?

దేవరకొండ_సోల్డర్
బోర్డు మాట ఇప్పుడే ఎత్తొద్దు. ముందు పవర్ వైరు పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టండి. పీసీ ఆపినా స్టాండ్‌బై 5 వోల్టులు ల్యాన్ చిప్‌కి అందుతూనే ఉంటాయి. చిప్ బిగుసుకుపోయి ఉంటే రీస్టార్ట్‌తో వదలదు, కరెంటు పూర్తిగా తీస్తేనే వదులుతుంది.

లేవకపోతే 60 మీటర్ల కేబుల్ తీసేసి, మంచిదని తెలిసిన చిన్న ప్యాచ్ కేబుల్‌తో నెట్‌వర్క్ స్విచ్‌కి (ల్యాన్ కేబుళ్లు కలిపే పెట్టెకి) కలపండి. పోర్ట్ లైటు వెలిగితే తప్పు బయటి కేబుల్‌దే. వెలగకపోతే పప్పీ లాంటి 32 బిట్ లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. అక్కడా లైటు రాకపోతే తప్పు విండోస్‌ది కాదు, డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ మళ్లీ వేయడం దండగ.

డివైస్ మేనేజర్‌లో 'సరిగా పనిచేస్తోంది' అని ఉన్నా నమ్మొద్దు. పిడుగు దెబ్బకు తరచుగా పోయేది చిప్‌లో కేబుల్ వైపు సగం. బోర్డు వైపు సగం బతికే ఉంటుంది కాబట్టి విండోస్‌కి కార్డ్ కనబడుతుంది, డ్రైవర్ ఎక్కుతుంది, 'అన్‌ప్లగ్డ్' మాత్రం పోదు. మీ లక్షణం అచ్చం ఇదే.

పాలమూరు_పీసీ
ఇంత పరీక్ష దేనికన్నా? కాంటా డేటా ఎంతుంటది? బండి నంబరు, కిలోలు, టైము. యూఎస్‌బీ 2.0కి 100 ఎంబీపీఎస్ అడాప్టర్ పెడితే ఎక్కువే. క్యాబినెట్ విప్పే పని లేదు, రేపు పీసీ పోయినా అడాప్టర్ మిగులుతది. మిల్లు సీజన్ల కాంటా ఆగితే లారీలు రోడ్డు దాకా నిలబడతయ్.

గద్వాల_లైనక్స్
స్పీడు గురించి మీ మాట ఒప్పుకుంటా. కానీ యూఎస్‌బీ అడాప్టర్ ఎక్స్‌పీకి కుదరడం కష్టం. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో చాలావాటి పెట్టె మీద విండోస్ 7 నుంచే రాసి ఉంటుంది. దానికితోడు ఊక, దుమ్ము, లారీ ఎక్కినప్పుడల్లా అదురు. యూఎస్‌బీ పిన్ను అక్కడ ఎన్నాళ్లు గట్టిగా ఉంటుంది?

రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న పాత పీసీఐ కార్డ్ (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే ల్యాన్ కార్డ్) తెచ్చుకోండి. దాని డ్రైవర్ ఎక్స్‌పీలోనే ఉంది, సీడీ అక్కర్లేదు. బోర్డు మీద పీసీఐ స్లాట్ వేరు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేరు. పొట్టి స్లాటే కాదు, గ్రాఫిక్స్ కార్డ్ వేసే పొడుగుది కూడా పీసీఐ ఎక్స్‌ప్రెస్సే. ఒకదాని కార్డ్ ఇంకోదాంట్లో దూరదు, చూసి కొనండి. సెకండ్‌హ్యాండ్ కార్డ్ అయితే బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు ఊది, స్క్రూ బిగించండి. స్క్రూ లేకపోతే కేబుల్ లాగినప్పుడు కార్డ్ వాలిపోతుంది. బయాస్‌లో (పీసీ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో) ఆన్‌బోర్డ్ ల్యాన్ డిజేబుల్ చేయండి.

పాత ఐపీ అడ్రస్‌నే (నెట్‌వర్క్‌లో పీసీకి ఉండే నంబరు) కొత్త కార్డుకు ఇస్తే 'ఈ అడ్రస్ వేరే అడాప్టర్‌కు ఉంది' అని ఎక్స్‌పీ గొణుగుతుంది. పాత కార్డ్ కనబడకున్నా రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట) బతికే ఉంటుంది మరి. ముందే అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత బయాస్‌లో ఆపితే ఈ తలనొప్పి ఉండదు.

పాలమూరు_పీసీ
మరి కొత్త కార్డ్‌తో లింకు వచ్చిపోతుంటే? కార్డ్ సెట్టింగుల 'స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్'ల 100 ఫుల్ అని గట్టిగ పెడితే ఆగిపోతది గదా.

దేవరకొండ_సోల్డర్
అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒక వైపు 100 ఫుల్ బిగించి, అవతలి స్విచ్ ఆటోలో ఉంటే, స్విచ్ హాఫ్ డ్యూప్లెక్స్‌కి (ఒకసారికి ఒక వైపే పంపే పద్ధతికి) పడిపోతుంది. పింగ్ (లింకు ఉందా అని చూసే చిన్న పరీక్ష) బాగానే వస్తుంది, ఫైల్ పంపితే నత్తనడక. కార్డ్ బాగోలేదని అందరూ అనుకుంటారు. రెండు వైపులా ఆటోలో వదిలి, కేబుల్ కొసలు కోసి, కొత్త ప్లగ్గులు మళ్లీ క్రింప్ చేయండి (నొక్కి బిగించండి), తీగల వరుస ఇది: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. 100 స్పీడుకి 1, 2, 3, 6 పిన్నులే పనిచేస్తాయి. వాటిలో ఒకటి వదులైనా లింకు వచ్చిపోతుంది.

వనపర్తి_ఫైబర్
పీసీఐయా యూఎస్‌బీయా అని కొట్లాడుకుంటున్నరు గానీ, ఆ 60 మీటర్ల రాగి తీగ అట్లనే ఉంటే ఏ కార్డ్ పెట్టినా వచ్చే ఉరుముకు పోతది. ల్యాన్ పోర్ట్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల దాకా ఆపేటట్టు చేస్తరు. పిడుగు దగ్గర్ల పడితే అంతకు మించి వస్తది. పైగా గేటు గదికి, ఆఫీసుకు ఎర్తింగ్ వేర్వేరు అయ్యుంటది, ఆ తేడా కూడా ఈ తీగ మీదనే పడతది.

రెండు వైపుల మీడియా కన్వర్టర్ (ల్యాన్ కేబుల్‌ను ఫైబర్‌కు కలిపే డబ్బా) పెట్టి నడుమ ఫైబర్ (వెలుతురు మోసే గాజు తీగ) లాగాలె. ఫైబర్ల కరెంటు పారదు. లోహపు కవచం, ఇనుప తీగ లేని రకం అడిగి తెచ్చుకోండి, లేకుంటే ఆ తీగె మళ్లీ కరెంటు మోస్తది. కన్వర్టర్లు జతగ, ఒకే రకం ఫైబర్‌కు సరిపోయేవి ఉండాలె. అది అయ్యేదాకా మబ్బు పట్టంగనే రెండు కొసలూ పీకేయుడే. కరెంటు స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు.

మిర్యాలగూడ_మిల్లు
చిన్న కేబుల్‌తోటి చూసిన, లైటు రాలే. పప్పీలనూ రాలే. 8139 కార్డ్ చూస్తున్న. ఆ పీసీల ఇంటర్నెట్ కూడా పెట్టొచ్చా?

గద్వాల_లైనక్స్
వద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. ఐపీ చేత్తో ఇచ్చి, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి) గడి ఖాళీగా వదిలేయండి. ఆఫీసు పీసీకి చేరుతుంది, బయటికి పోదు.

ఇంకొకటి, కార్డ్ మార్చకముందే చేయాల్సింది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కొట్టి పాత కార్డ్ ఫిజికల్ అడ్రస్ (కార్డుకు తయారీలోనే ఇచ్చిన నంబరు) కాగితం మీద రాసుకోండి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్ల లైసెన్సు ఆ అడ్రస్‌కే ముడిపడి ఉంటుంది. కాంటా సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంటే కొత్త కార్డ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, 'నెట్‌వర్క్ అడ్రస్' దగ్గర ఆ 12 అక్షరాలు గీతలు లేకుండా కొట్టండి.