బెల్లం వేస్తే చాక్లెట్ పుడ్డింగ్ షుగర్ ఉన్నవాళ్లకు పడుతుందా?

హన్మకొండ వంటిల్లు:
మా ఆడబిడ్డ కూతురు ఏడాదిగా వీగన్. పాలు, నెయ్యి, తేనె ఏదీ ముట్టదు. మొన్న దాని పుట్టినరోజుకు చాక్లెట్ పుడ్డింగ్ చేశాను. రెండు కొబ్బరికాయల చిక్కటి పాలు, పావుకిలో బెల్లం, కోకో పొడి, కొంచెం కార్న్‌ఫ్లోర్. ఎనిమిది కప్పులయ్యాయి. షుగర్ ఉన్న మా మామయ్య "పాలు లేవు, చక్కెర లేదు, నాకు పడుతుంది" అని రెండు కప్పులు తిన్నారు. రాత్రి చెక్ చేస్తే 268. అప్పటి నుంచి ఇంట్లో ఇదే వాదన. బెల్లం మంచిదేనని అత్తమ్మ, కాదని నేను. మీరేమంటారు?

పరకాల బిడ్డ:
అక్కా, బెల్లాన్ని అంత తీసిపారేయకండి. సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సత్తు, పల్లీల సత్తు మా ఇంట్లో బెల్లంతోనే చేస్తారు. నెయ్యి కలపకపోతే అవి వీగనే కదా! మా నాయనమ్మ జీవితాంతం బెల్లమే తిన్నది, పొలం పని చేసుకుంటూ మంచిగనే ఉన్నది. చక్కెరలో లేని ఇనుము బెల్లంలో ఉంటుంది. తప్పు మీ బెల్లానిది కాదు, ఆ రెండో కప్పుది.

కాజీపేట లెక్కలు:
ఒక్క కప్పు లెక్క చూద్దాం. 250 గ్రాములు ఎనిమిది మందికి పంచితే తలా 31 గ్రాముల బెల్లం. మామయ్య తిన్నది 62. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే చక్కెరలో ఉన్నదే. కేలరీలు కూడా రెండింటికీ దగ్గర దగ్గరగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషి ఇలా కలుపుకునే చక్కెరలు 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. ఆ లెక్కలో బెల్లానికి మినహాయింపు లేదు. ఇనుము కోసం బెల్లం తినాలంటే, ఆ ఇనుము కన్నా ముందు చక్కెర లోపలికి పోతుంది.

సత్తు సంగతి వేరు. అందులో నువ్వులు, పల్లీలు ఉంటాయి, కాబట్టి పీచు, ప్రొటీన్ కూడా వస్తాయి. పైగా పిడికెడే తింటాం. కొబ్బరి పాలలో పీచంతా పిప్పితో పోతుంది, సాచురేటెడ్ కొవ్వు మిగులుతుంది. పాలు మానితే వీగన్ అవుతుంది, అంతే. ఆరోగ్యం సంగతి విడిగా చూసుకోవాలి.

హన్మకొండ వంటిల్లు:
ఈ లెక్క చదివి అత్తమ్మకు వినిపించాను. ఆమె ఏమీ అనలేదు గానీ, బెల్లం డబ్బా మాత్రం లోపల పెట్టింది.

నిన్న మళ్లీ చేశాను. శివరాత్రికి ఉడకబెట్టుకునే కందగడ్డ, అదే చిలగడదుంప, 400 గ్రాములు. కాల్చొద్దు, ఉడికించండి. కాలిస్తే అందులో పిండి తీపిగా మారిపోతుంది, షుగర్ తొందరగా ఎక్కుతుంది. తొక్క తీసి వేడిమీదే మెత్తగా చేసి జల్లెడలో పామాలి. జల్లెడలో చిక్కిన దారాలు చూస్తే ఎందుకు వడకట్టమన్నానో తెలుస్తుంది, అవి నోటికి అడ్డం పడతాయి. నాలుగు చెంచాల కోకో పొడిని విడిగా మరిగే నీళ్లలో కలపండి. ముందు ఉండలు కడుతుంది, కలుపుతూ ఉంటే నిగనిగలాడే ముద్దవుతుంది, అప్పుడే చాక్లెట్ వాసన లేస్తుంది. ఈ పని చేయకపోతే పచ్చి పొడి రుచి పోదు. నానబెట్టిన ఖర్జూరాలు పది, వేయించిన పల్లీల ముద్ద రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు. అన్నీ మిక్సీలో వేసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. ఆరు చిన్న గిన్నెలయ్యాయి.

నర్సంపేట తమ్ముడు:
కోకో డబ్బా వెనక చదవండి అక్కా. ఆల్కలైజ్డ్ (క్షారం కలిపి శుద్ధి చేసినది) అని ఉంటే రంగు ముదురుగా, చేదు తక్కువగా ఉంటుంది, కానీ కోకోలో ఒంటికి మేలు చేసే ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు చాలావరకు పోతాయి. ఇంకోటి, పచ్చ చుక్క చూసి మోసపోకండి. అది శాకాహారం గుర్తు, పాలపొడి ఉన్నా వేస్తారు. నేను అలాగే డార్క్ చాక్లెట్ అని కొని, ఇంటికొచ్చాక పాల ఘనపదార్థాలు అని చదివి తల పట్టుకున్నాను. వీగన్ ఆహారానికి మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నిబంధనలు తెచ్చింది, దానికి ఆకుతో కూడిన 'వి' గుర్తు ఉంటుంది.

పరకాల బిడ్డ:
మరి ఖర్జూరం చక్కెర కాదా? అందులో మూడింట రెండు వంతులు చక్కెరేనట కదా!

హన్మకొండ వంటిల్లు:
చక్కెరే చెల్లీ, దాచడం ఎందుకు! పది ఖర్జూరాలు 80 గ్రాములు తూగాయి. గిన్నెకు తొమ్మిది గ్రాముల దాకా వస్తుంది, పీచుతో కలిపి. 31 ఎక్కడ, తొమ్మిది ఎక్కడ? అయినా కందగడ్డలోనూ పిండి ఉంది కదా, అందుకే మామయ్యకు సగం గిన్నే పెట్టాను, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించాను. ఆయన గిన్నె నాకేసి "ఇంకొంచెం ఉందా" అన్నారు. లేదన్నాను. ఫ్రిజ్‌లో మూడు గిన్నెలు ఉన్నాయి.