వాదనకు రప్పించడానికి ఆకలిగొన్నవారి పేరున విరాళం కట్టవచ్చా?

గోదారి గట్టు:
2010 అక్టోబరులో రాబర్ట్ మర్ఫీ అనే ఆస్ట్రియన్ సంప్రదాయపు ఆర్థికవేత్త, 2008 నోబెల్ గ్రహీత పాల్ క్రుగ్మన్‌ను బహిరంగ వాదనకు పిలిచారు. వడ్డీ రేట్లను కృత్రిమంగా తగ్గిస్తే పెట్టుబడులు దారి తప్పుతాయనీ, ఆ పొంగే తర్వాత మాంద్యానికి మూలమవుతుందనీ మర్ఫీ పక్షం. గిరాకీ కుప్పకూలింది కాబట్టి ప్రభుత్వమే ఖర్చు పెట్టాలని క్రుగ్మన్ పక్షం. ఊరికే పిలిస్తే రారని మర్ఫీకి తెలుసు. అందుకని, తర్వాత గ్రూపాన్ అనే డిస్కౌంట్ కూపన్ల సైటుకు పుట్టినిల్లు అయిన ద పాయింట్ అనే సైట్లో విరాళాల హామీలు సేకరించారు. వాదన జరిగితేనే డబ్బు, పేదలకు ఆహారం అందించే న్యూయార్క్ నగర ఫుడ్ బ్యాంకుకు వెళుతుంది. జరగకపోతే ఎవరి డబ్బు వారి దగ్గరే ఉంటుంది. పదుల వేల డాలర్ల హామీలు వచ్చాయి, క్రుగ్మన్ మాత్రం రాలేదు.

ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో శనివారాలు ఒక ఆహార పంపిణీ కేంద్రంలో పనిచేశాను. ఉల్లిపాయల బస్తా విప్పి, మెత్తబడినవి ఏరి పక్కన పెట్టి, మిగిలినవి చిన్న సంచుల్లో కట్టేదాన్ని. ఒక పెద్దావిడ సంచి అందుకోగానే అరచేతిలో ఎత్తి బరువు చూసుకునేది, వారమంతా సరిపోతుందా అని. ఆ సంచి ఇవ్వడానికి, ఎవరో ప్రొఫెసర్ వేదిక ఎక్కడానికి ముడి పెట్టడం నాకు మింగుడు పడదు.

లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైంది. అయితే ఆ సంచి ఎవరూ లాక్కోలేదు. ఆ హామీల్లో చాలావరకు ఈ సవాలు లేకపోతే పుట్టేవే కావు. క్రుగ్మన్‌కు అప్పట్లో న్యూయార్క్ టైమ్స్‌లో శీర్షిక ఉండేది, మర్ఫీ మాట వినేవారు ఎంతమంది? 2010లో అమెరికాలో నిరుద్యోగం 9.6 శాతం. ఏ సిద్ధాంతం సరైనదన్న దాని మీద లక్షల కుటుంబాల బతుకు ఆధారపడి ఉంది. పెద్దపీట మీద కూర్చున్నవారిని చిన్నవారు జవాబు అడగడానికి ఇంతకన్నా మర్యాదైన దారి ఏముంది? తిట్టలేదు, కోర్టుకు లాగలేదు.

కంచు ఢక్క:
మాస్టారూ, మర్యాదగానే కనిపిస్తుంది, కానీ పందెంలో పెట్టింది ఎవరి సొత్తు? శ్రీనాథుడి చేతిలో ఓడిన డిండిమభట్టు పోగొట్టుకున్నది తన ఢక్కనే. 1980లో ఆర్థికవేత్త జూలియన్ సైమన్, జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అయిదు లోహాల ధరల మీద పందెం వేసుకున్నారు. 1990లో ధరలు తగ్గి ఉండటంతో ఎర్లిక్ 576.07 డాలర్ల చెక్కు పంపారు. మర్ఫీ కూడా ధరలు ఏడాదిలో పది శాతం పెరుగుతాయని డేవిడ్ హెండర్సన్ అనే ఆర్థికవేత్తతో 500 డాలర్లు కట్టి, 2013 నాటికి ఓడిపోయారు. ఆ పందెంలో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. సొంత డబ్బు, సొంత మాట, గడువు. ఫుడ్ బ్యాంకు సవాలులో అవేవీ లేవు. క్రుగ్మన్ రాకపోతే మర్ఫీకి నష్టం లేదు, దాతలకూ లేదు. నష్టమంతా ఆ వాదనతో సంబంధమే లేనివాళ్లది. పైగా 'ఆకలి తీర్చడానికి ఒప్పుకోని మనిషి' అన్న నింద క్రుగ్మన్ మీద పడుతుంది. షరతు పెట్టింది దాతలైనప్పుడు ఆ నింద ఆయనకెందుకు?

పాత రేడియో:
నాకు అసలు వేదికమీది వాదన మీదే నమ్మకం లేదు. 2012 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ టీవీలో క్రుగ్మన్, అమెరికా రాజకీయ నాయకుడు రాన్ పాల్ ఎదురెదురుగా కూర్చున్నారు. అలాంటి చోట గణాంకాలు చూపించడానికీ, చెప్పింది సరిచూడటానికీ వీలు ఉండదని తర్వాత క్రుగ్మనే రాశారు. అది నిజమే. 1931లో మర్ఫీ సంప్రదాయానికే చెందిన ఆర్థికవేత్త హాయెక్ ఒక పత్రికలో, క్రుగ్మన్ పక్షానికి మూలపురుషుడైన కీన్స్ పుస్తకాన్ని చీల్చి చెండాడారు, కీన్స్ అక్కడే జవాబు రాశారు. తొంభై ఏళ్లు దాటినా ఆ పేజీలు తెరిచి ఎవరు ఎక్కడ తప్పారో వేలు పెట్టి చూడవచ్చు. 2023లో టీకాల మీద వాదనకు రమ్మని వైద్యుడు పీటర్ హోటెజ్‌కు పాడ్‌కాస్టర్ జో రోగన్ లక్ష డాలర్ల విరాళం ఆశ చూపారు. ఇతరులు ఆ మొత్తం పెంచుకుంటూ పోయారు. హోటెజ్ రానన్నారు. డబ్బు పెరిగినకొద్దీ వాదన నాణ్యత పెరుగుతుందా? పెరిగేది చూసేవాళ్ల సంఖ్య.

లెక్కల మాస్టారు:
రాతలో వాదించుకోవాలన్న మాటకు నేను తలవంచుతాను. కానీ హాయెక్ రాసినదానికి కీన్స్ జవాబిచ్చారు, అదే తేడా. జవాబే రాని మనిషి ఏం చేయాలి?

గోదారి గట్టు:
రాస్తూ ఉండాలి మాస్టారూ. మర్ఫీ చివరకు చేసింది అదే. 2015లో చరిత్రకారుడు టామ్ వుడ్స్‌తో కలిసి క్రుగ్మన్ వ్యాసాలను ఒక్కొక్కటిగా విమర్శించే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. దానికి క్రుగ్మన్ అనుమతి అక్కర్లేకపోయింది. హామీ ఇచ్చినవారిలో ఎందరు ఆ డబ్బును షరతు లేకుండా ఫుడ్ బ్యాంకుకు పంపారో, నాకు తెలుసుకోవాలని ఉన్నది అదొక్కటే.