బైప్లేన్‌కి రెక్కలు రెండా, నాలుగా?

ఒక చిన్న మాట దగ్గర ఇరుక్కుపోయాను, కాస్త సాయం చేయండి.

టైగర్ మాత్ అనే పాత విమానానికి నమూనా తయారుచేస్తున్నాను. 1931లో మొదటిసారి ఎగిరిన బ్రిటిష్ శిక్షణ విమానం అది. బైప్లేన్, అంటే రెక్కలు ఒకదాని మీద ఒకటి రెండు వరుసలుగా ఉండే రకం. కిట్ కొని అతికించడం కాదు. ప్లాస్టిక్ షీటు, బాల్సా చెక్క, ఇత్తడి తీగ కోసుకుని ప్రతి ముక్కా నేనే చేసుకుంటున్నాను. స్కేలు 1:32. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 8.94 మీటర్లు, నా బల్ల మీద దాదాపు 28 సెంటీమీటర్లు. పని ఎలా సాగుతోందో తెలుగులో రాద్దామని కూర్చుని, మొదటి వాక్యంగా "ఇది రెండు రెక్కల విమానం" అని రాశాను. మా అమ్మాయి చదివి, "ఏ విమానానికైనా రెండు రెక్కలేగా నాన్నా, ఇందులో గొప్పేముంది?" అంది.

ఆలోచిస్తే పిల్ల అన్నదే రైటు. మనం రెక్కలు లెక్కపెట్టేది పక్షిని చూసి: కుడి ఒకటి, ఎడమ ఒకటి. ఆ లెక్కన బైప్లేన్‌కి నాలుగు. ఇంగ్లీషు మాటలో 'ప్లేన్' అంటే విమానం కాదు, చదునైన తలం. పైనున్నదంతా ఒక తలం, కిందున్నదంతా ఇంకో తలం, మొత్తం రెండు. మనం ఆ 'రెండు'ని తెచ్చి రెక్కకి తగిలించాం, లెక్క తప్పింది. మరి దీన్ని ఏమనాలి?

* * *

బైప్లేన్ అనే రాయండి సార్. బస్సుని బస్సు అనే అంటున్నాం, ఎవరికీ నష్టం రాలేదు.

* * *

ద్వితల విమానం. అర్థం ఉన్నదున్నట్టు దిగుతుంది. మూడుంటే త్రితల.

* * *

పైవారికి: ద్వితల అనగానే నాకు రెండు తలల పాము కళ్ల ముందుకొచ్చిందండీ. క్షమించాలి.

* * *

జంట రెక్కలు? జోడు రెక్కలు?

* * *

జంట అన్నా మళ్లీ కుడి ఎడమలే గుర్తొస్తాయి. చెప్పుల జోడు అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన చెప్పులు కాదు కదా. రెండంతస్తుల విమానం అందామంటే జనం మేడ మీద కూడా కూర్చున్నట్టుంటుంది. ఆ పేరు ఎయిర్‌బస్ ఏ380కి అట్టిపెట్టండి.

* * *

మీకు కావలసిన మాట దొంతర.

కుండ మీద కుండ పెడితే దొంతర. అంతకన్నా దగ్గరి సాక్ష్యం దొంతరమల్లె. మామూలు మల్లెకి ఒక్క వరుసే, దొంతరమల్లెకి వరుస మీద వరుస. ఆ వరుసల్లో ఉండేవి ఏమిటి? పూరెక్కలు! రెక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటే ఏమనాలో పూలు కోసేవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. దొంతర రెక్కల విమానం అనండి. రెండా నాలుగా అన్న పంచాయితీయే రాదు. మూడు వరుసలుంటే మూడు దొంతరల విమానం.

ఎలాగూ రెక్క మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. తెలుగులో పిట్టకీ రెక్కే, తలుపుకీ రెక్కే, మనిషి చేతికీ రెక్కే. రెక్కాడితే గాని డొక్కాడదు అన్నప్పుడు ఆడేది చెయ్యే. రెక్కలు ముక్కలు చేసుకుని రెక్కలు చేస్తున్న మీలాంటివారికి ఈ మాట బాగా కుదిరింది.

* * *

దొంతర బాగుంది కానీ నాకో అభ్యంతరం. దొంతరలో ఒకటి ఇంకోదానికి ఆనుకుని ఉండాలి. బైప్లేన్‌కి ప్రాణం మధ్యలోని ఖాళీలోనే ఉంది. రెక్కలు మరీ దగ్గరైతే ఒకదాని గాలిని ఇంకోటి చెడగొడుతుంది. అసలు రెండు వరుసలు ఎందుకు పెట్టారు? ఆ రోజుల్లో పల్చటి రెక్క తన బరువు తాను ఆపుకోలేదు. రెండు రెక్కల మధ్య నిలువు కర్రలు నిలబెట్టి, ఏటవాలుగా తీగలు బిగిస్తే మొత్తం వంతెనలా గట్టిపడుతుంది. వంతెనలా అని ఊరికే అనలేదు. 1896లో ఆక్టేవ్ షనూట్ తన గ్లైడర్‌కి వాడింది రైలు వంతెనల బిగింపు పద్ధతినే. ఆయన వంతెనలు కట్టిన ఇంజనీరు. రైట్ సోదరులు ఆ పద్ధతినే అందుకున్నారు. కాబట్టి ఆ ఎడం కూడా పేరులో వినపడాలి.

* * *

పేరులో అన్నీ వినపడాలంటే అది పేరు కాదండీ, నిర్వచనం. మల్లెరేకుల మధ్య కూడా గాలి దూరేంత సందు ఉంటుంది.

* * *

(అడిగినవాణ్ణి)

దొంతరకే నా ఓటు. ఒక చిక్కు మాత్రం ఉంది. టైగర్ మాత్‌లో పై రెక్క కింది దానికి సరిగ్గా నెత్తిన ఉండదు. ముందు సీటులో ఉన్నవాడు పారాచూట్‌తో దూకాలంటే పై రెక్క అడ్డమని దాన్ని ముందుకు జరిపారు. అప్పుడు బరువు తూకం చెడింది. దాన్ని సరిచేయడానికి రెక్కల్ని వెనక్కి వాల్చారు. నేను మొదట కోసిన పై రెక్క ఈ వాలు మరిచిపోయి తిన్నగా కోసిందే, చెత్తబుట్టలో ఉంది. దీన్ని జరిగిన దొంతర అంటే సరిపోతుందేమో.

ఇంకో మాట కూడా తేలాలి. రెక్కల మధ్య తీగల్లో ఒక రకాన్ని ఇంగ్లీషులో ఫ్లయింగ్ వైర్లు, ఇంకో రకాన్ని ల్యాండింగ్ వైర్లు అంటారు. 'ఎగిరే తీగలు' అని రాస్తే తీగలే ఎగిరిపోయేలా ఉన్నాయి.

* * *

వాటి పనేమిటో ముందు చెప్పండి. పని తెలియకుండా పేరు పెట్టడం కుదరదు.

* * *

(అడిగినవాణ్ణి)

గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి లేవబోతాయి. వాటిని కిందికి పట్టి ఉంచేవి మొదటి రకం. విమానం నేల మీద నిలబడితే రెక్కలు కిందికి వాలబోతాయి. వాటిని పైకి పట్టి ఉంచేవి రెండో రకం. ఇది పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు, చేతులు కాలాక ఎక్కింది. నమూనాకి తీగలుగా సన్నటి నైలాన్ దారం వాడాను. 0.3 మిల్లీమీటర్ల బెజ్జాలు చేతి డ్రిల్లుతో పొడిచి, దారం దూర్చి, సూది మొనతో సూపర్ గ్లూ చుక్క పెట్టాలి. ఊపిరి గట్టిగా వదిలితే దారం జారిపోతుంది, టెన్షనే టెన్షన్. ఒక రాత్రి మొదటి రకం తీగలన్నీ బిగించేసి, రెండో రకం రేపు చూద్దాంలే అని పడుకున్నాను. తెల్లారి చూస్తే పై రెక్క కొసలు 2 మిల్లీమీటర్లు కిందికి లాక్కుపోయాయి. అసలు విమానంలో అయితే అది 6 సెంటీమీటర్ల పైమాటే. లేపి పట్టే తీగలు లేవు మరి, రెక్క ఏం చేస్తుంది! దారాలన్నీ కోసేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో రకంలో ఒక్కో దారం, కుడి ఎడమలు మార్చి మార్చి.

* * *

అయితే గాలి తీగ, నేల తీగ. గాలిలో బరువు పట్టేది గాలి తీగ, నేల మీద పట్టేది నేల తీగ. అయిపోయింది.

* * *

ఇది మాత్రం ఇంగ్లీషు మాట కన్నా మేలుగా ఉంది. వాళ్లది ల్యాండింగ్ అంటుంది, కానీ ఆ తీగ దిగేటప్పుడే కాదు, ఊరికే నిలబడి ఉన్నా పనిచేస్తుంది కదా.

* * *

రెక్క లోపలి రిబ్బుల్ని పక్కటెముకలు అని రాయకండి దయచేసి. ఆకుకి ఉండే ఈనె ఉందిగా. రెక్క మీద గుడ్డ కప్పి లక్క పూశాక పైకి కనపడేవి అచ్చం ఆకు ఈనెల్లాగే ఉంటాయి.

* * *

(అడిగినవాణ్ణి)

ఈనె తీసుకున్నాను. లక్క మాత్రం కాదండీ. ఆ పూతని డోప్ అంటారు, ఆరుతూ గుడ్డని డోలు చర్మంలా బిగిస్తుంది. అది డోప్‌గానే ఉంటుంది. నమూనాల్లో చాలామంది ఈనెల మధ్య గుడ్డ బాగా లోపలికి కుంగినట్టు చేస్తారు. బిగిసిన గుడ్డ అంత కుంగదు. నేను ఈనె ఉన్నచోట 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీ అతికించి, ప్రైమర్ కొట్టి, వేలికి తగిలీ తగలనంతవరకు అరగదీస్తున్నాను. కంటికి కనపడాలి, గోటికి తట్టకూడదు.

మొదటి వాక్యం "ఇది దొంతర రెక్కల విమానం" అని మార్చాను. మా అమ్మాయి చదివింది. ఈసారి రెక్కలు ఎన్నని అడగలేదు. "దొంతర అంటే?" అంది. చెప్పడానికి మల్లెపువ్వు దొరకలేదు, రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి ఎడంగా పట్టి చూపించాను. "పై చెయ్యి కొంచెం ముందుకి జరుపు," అంది.