530016 కారణాంకాలు: 5521 దగ్గర ఆగిపోయాం, సాయం చేయండి

ప్రశ్న (ద్వారకానగర్ నుంచి): మా బాబు ఎనిమిదో తరగతి. ఎవరి పిన్ కోడ్ వాళ్ళు తీసుకుని ఆ సంఖ్య గురించి ప్రాజెక్టు రాయమన్నారు. మాది 530016. 2తో ఐదుసార్లు, 3తో ఒకసారి భాగిస్తే 5521 వచ్చింది. ఇక అది ఏ ఎక్కంలోనూ పోవట్లేదు. 5520 వరకూ అన్నిటితో భాగించి చూడాలా? రేపే ఇవ్వాలి, వాడికంటే నాకే టెన్షన్‌గా ఉంది.

జవాబు (మద్దిలపాలెం, లెక్కల టీచర్): అక్కర్లేదమ్మా, 73 దాకా చూస్తే చాలు, అదీ ప్రధాన సంఖ్యలతో మాత్రమే. 5521ని రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే ఆ రెండూ 74 కంటే పెద్దవి కాలేవు, ఎందుకంటే 75×75 అప్పుడే 5625 అయిపోతుంది, కాబట్టి ఒకటైనా 74 లోపు ఉండి తీరాలి. 73 వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు 21. వాటిలో 2, 3, 5, 23లను భాగించకుండానే కొట్టేయొచ్చు: 5520 ఆ నాలుగింటితోనూ నిశ్శేషంగా పోతుంది గనక 5521కి శేషం 1 మిగులుతుంది. మిగతా 17 బాబు చేత్తోనే చేయాలి, కాలిక్యులేటర్ ఇవ్వకండి. ఏదీ పోదు. 5521 ప్రధాన సంఖ్యే.

అంటే 530016 = 2⁵ × 3 × 5521. ప్రాజెక్టుకి అసలు పునాది ఈ ఒక్క లైనే, మిగతావన్నీ దీంట్లోంచే వస్తాయి. ఘాతాలు 5, 1, 1 కదా, ఒక్కోదానికి 1 కలిపి గుణిస్తే 6×2×2 = 24. మొత్తం కారణాంకాలు అన్నే.

ప్రశ్న: ఇంత పెద్ద సంఖ్యకి 24 మాత్రమేనా మాస్టారూ?

జవాబు: అవునమ్మా. 360కి కూడా సరిగ్గా 24 కారణాంకాలే! సంఖ్య ఎంత పెద్దదన్నది కాదు, ఘాతాలు ఎలా ఉన్నాయన్నదే లెక్క. 720720కైతే 240 ఉన్నాయి, ఎందుకంటే అది 13 వరకూ ఉన్న చిన్న ప్రధాన సంఖ్యలన్నిటితో కట్టిన సంఖ్య. తన కంటే చిన్న ఏ సంఖ్యకీ లేనన్ని కారణాంకాలున్న ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం రాశారు, బాబుకి తప్పకుండా చెప్పండి.

మరో జవాబు (గాజువాక, డిగ్రీ స్టూడెంట్): కారణాంకాల మొత్తం కూడా రాయించండి మేడమ్. (1+2+4+8+16+32) × (1+3) × (1+5521), అంటే 63 × 4 × 5522 = 13,91,544. అందులోంచి 530016 తీసేసినా 8,61,528 మిగులుతుంది, అంటే తన కంటే చిన్న కారణాంకాల మొత్తం తననే దాటిపోయింది. నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి: 5521 = 65² + 36². కానీ 530016ని అలా రెండు వర్గాల మొత్తంగా రాయలేం, అందులో 3 ఒక్కసారే ఉండటమే కారణం. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్య ఏదైనా బేసి ఘాతంలో ఉంటే అది కుదరదు.