బ్రెస్ట్‌స్ట్రోక్ పందెంలో చివరి రెండు మీటర్లు: గెలుపు చేతిలో ఉందా, గోడ దగ్గర ఉందా?

ప్రశ్న

2024 పారిస్ ఒలింపిక్స్‌లో జరిగిన పురుషుల వంద మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్ప ఈత) ఫైనల్‌ను ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఇటలీకి చెందిన నికోలో మార్టినెంఘి 59.03 సెకన్లలో గెలిచాడు. బ్రిటన్‌కు చెందిన ఆడమ్ పీటీ, అమెరికాకు చెందిన నిక్ ఫింక్ ఇద్దరూ 59.05 సెకన్లకే గోడను తాకడంతో రజతం ఇద్దరికీ దక్కింది, కాంస్యం ఎవరికీ ఇవ్వలేదు. నాలుగోసారి చూసినా ఎవరు ముందు తాకారో నా కంటికి చిక్కలేదు.

నా సందేహాలు రెండు. ఇంత ఆధునికమైన గడియారాలు ఉన్నప్పుడు పీటీని, ఫింక్‌ను విడదీయడానికి సెకనులో వెయ్యో వంతు వరకు ఎందుకు లెక్కించరు? రెండవది, సెకనులో నూరో వంతులు రెండింటి తేడాతో తేలిన పందేన్ని ప్రతిభ నిర్ణయించిందని అనుకోవాలా, అదృష్టం నిర్ణయించిందని అనుకోవాలా?

మొదటి సమాధానం

గడియారాలకు వెయ్యో వంతును కొలిచే శక్తి ఎప్పటినుంచో ఉంది, ఒకసారి ఆ లెక్కతోనే విజేతను ప్రకటించారు కూడా. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లీలో (ఒకే ఈతగాడు నాలుగు రకాల ఈతలూ ఈదే పందెంలో) స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెక్‌కీ కంటే 0.002 సెకను ముందున్నాడని తేల్చి అతనికి స్వర్ణం ఇచ్చారు. ఆ తర్వాతే నూరో వంతు దగ్గర ఆగిపోవాలని, అక్కడ సమానమైతే పతకాన్ని పంచాలని నిబంధన మార్చారు.

దీని వెనుక కారణం గడియారంలో లేదు, కొలనులో ఉంది. 59 సెకన్లలో వంద మీటర్లు ఈదేవాడి సగటు వేగం సెకనుకు దాదాపు 1.7 మీటర్లు, అంటే వెయ్యో వంతు సెకనులో అతను రెండు మిల్లీమీటర్లు కూడా కదలడు. ఒక లేన్ గోడకూ పక్క లేన్ గోడకూ మధ్య అంతకంటే ఎక్కువ తేడా ఉండే అవకాశం ఉన్నప్పుడు, ఆ లెక్కతో ఒకరికి రజతం, ఇంకొకరికి కాంస్యం ఇస్తే మనం కొలుస్తున్నది ఈతను కాదు, తాపీపనిని. మార్టినెంఘికి, మిగతా ఇద్దరికి మధ్య ఉన్న 0.02 సెకను మాత్రం మూడు సెంటీమీటర్లకు పైమాటే. రెండు వేళ్ల వెడల్పు అనుకోండి, దాన్ని నమ్మవచ్చు.

రెండవ సమాధానం

అదృష్టం అనే మాట దగ్గర నేను ఒప్పుకోలేను. విశ్వవిద్యాలయ స్థాయిలో కొన్నేళ్లు బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదిన అనుభవంతో ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మనం కప్ప ఈత అని పిలిచే ఈ పద్ధతిలో వేగం ఒకే తీరుగా ఉండదు. కాళ్లు వెనక్కి తన్ని, దగ్గరకు చేరి, చేతులు ముందుకు పూర్తిగా చాచిన క్షణంలో శరీరం బాణంలా దూసుకుపోతుంది. మళ్లీ తన్నడానికి మడమలను పిరుదుల వైపు లాక్కున్నప్పుడు తొడలు ఎదురు నీటిని నెట్టడం వల్ల వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ప్రతి స్ట్రోక్‌లోనూ ఈ ఎత్తుపల్లాలు తప్పవు కాబట్టి, గోడ మన చేతికి ఎత్తులో తగిలిందా పల్లంలో తగిలిందా అన్నదే అసలు ప్రశ్న.

పైగా ఫ్రీస్టైల్‌లో భుజం తిప్పి ఒక చేతిని ఎంత దూరమైనా చాచవచ్చు, ఇక్కడ మాత్రం రెండు చేతులూ విడివిడిగా, ఒకేసారి గోడను తాకాలి. నీటి అడుగున లేన్ మధ్యలో సాగే నల్లగీత గోడకు రెండు మీటర్ల ముందు అడ్డగీతతో ముగుస్తుంది. ఆ అడ్డగీత కంటపడగానే ఈతగాడు నిర్ణయించుకోవాలి: ఇప్పుడు తన్నిన తన్నుతోనే గోడ అందుతుందా, లేక ఇంకొక పొట్టి స్ట్రోక్ వేయాలా? అందుతుందనుకుని చేతులు చాచి జారితే, చివరి అర మీటరులో నీరు పట్టి వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. అందదనుకుని అనవసరంగా ఇంకొక స్ట్రోక్ మొదలుపెడితే చేతులు ఛాతీ కింద ఉండగానే తల గోడ దగ్గరకు వచ్చేస్తుంది.

నా చివరి పందెంలో మొదటి తప్పు చేశాను. గోడ వస్తుందని చేతులు చాచాను, గోడ రాలేదు. కంగారులో కుడి చేతిని ముందుకు విసిరాను, ఎడమ చేయి తర్వాత తగిలింది. నా లేన్ దగ్గర నిలబడిన న్యాయనిర్ణేత చెయ్యెత్తారు, నా పేరు ఫలితాల్లోనే లేదు. దాన్ని అదృష్టం మీదకు నెట్టేస్తే నాకు ఊరటగానే ఉంటుంది కానీ, అది అచ్చంగా సాధనలో లోపం.

మూడవ సమాధానం

పైన రాసినదంతా నిజమే, అయితే మనం గోడకు మరీ అతుక్కుపోయామేమో అనిపిస్తోంది. 2019లో గ్వాంగ్జూ ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో పీటీ 56.88 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు, ఆ రికార్డుకు పారిస్ స్వర్ణానికి మధ్య రెండు సెకన్లకు పైగా తేడా ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలవడానికే 58.33 కావలసి వచ్చింది, ఆ కాంస్యం గెలిచింది కూడా మార్టినెంఘియే. అంటే పారిస్‌లో అందరూ నెమ్మదిగా ఈదారు కనుకనే చివరి స్పర్శకు అంత విలువ వచ్చింది. రియో ఒలింపిక్స్‌లో పీటీ 57.13తో గెలిచినప్పుడు రెండో స్థానంలో ఉన్న కామెరాన్ వాన్ డెర్ బర్గ్ ఒకటిన్నర సెకను వెనకున్నాడు, ఆ రోజు పీటీ చివరి స్ట్రోక్ ఎలా వేసినా ఏమీ మారేది కాదు.

నీటి అడుగున జరిగేదాన్ని కూడా మరచిపోకూడదు. దూకిన తర్వాత, మలుపు తర్వాత చేతులను ఒకసారి తొడల వరకు లాగి, ఒక డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి చేపతోకలా కొట్టే తన్ను), ఆపై ఒక కప్ప తన్ను వేసి పైకి వస్తారు. ఇదే వాన్ డెర్ బర్గ్ 2012 లండన్‌లో 58.46తో ప్రపంచ రికార్డు నెలకొల్పి గెలిచాక, అనుమతించిన ఒక్కదానికి మించి డాల్ఫిన్ కిక్‌లు వేశానని స్వయంగా చెప్పాడు. ఒక్క అదనపు తన్ను వల్ల కలిగే లాభం, గోడ దగ్గర మనం లెక్కపెడుతున్న వేళ్ల వెడల్పు కంటే చాలా ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. తాపీపని పోలికతో మొదటి సందేహం పూర్తిగా తీరింది. మరి యాభై మీటర్లలో మలుపే ఉండదు కదా, అక్కడ చివరి స్పర్శకు ఇంకా ఎక్కువ ప్రాధాన్యం ఉంటుందా?

రెండవ సమాధానం రాసినవారు

ఉంటుంది. 2017 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పీటీ ఒకే రోజున హీట్స్‌లో (తొలి రౌండులో) 26.10, సెమీఫైనల్‌లో 25.95 సెకన్లతో రెండుసార్లు ప్రపంచ రికార్డు తిరగరాసి, మర్నాడు ఫైనల్‌ను 25.99తో గెలిచాడు. అదే కొలను, అదే మనిషి, అయినా ఒక రోజు తేడాలో 0.04 సెకను మారింది. అలాంటి పందెంలో స్ట్రోక్‌ల మధ్య జారడానికి దాదాపు సమయమే ఇవ్వరు, ఒకదాని వెనుక ఒకటి తరుముకొస్తాయి కాబట్టి వేగంలో పల్లాలు కొంత తక్కువ లోతుగా ఉంటాయి. కానీ దారిలో చేసిన పొరపాటును దిద్దుకోవడానికి రెండో యాభై మీటర్లు ఉండవు. 2028 లాస్ ఏంజెలిస్‌లో ఈ యాభై మీటర్ల పందెం మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది, కనుక మీరు నాలుగుసార్లు చూడవలసిన ఫైనల్ ఇంకొకటి దొరకవచ్చు.

చూసేటప్పుడు ఒక పని చేయండి. గోడకు ఐదు మీటర్ల ముందు కొలను మీదుగా జెండాల తాడు కట్టి ఉంటుంది. అక్కడి నుంచి ఈతగాడి తలను వదిలేసి చేతులను మాత్రమే గమనించండి, గోడకు అమర్చిన టచ్‌ప్యాడ్‌ను (తాకగానే గడియారాన్ని ఆపే పలకను) తాకే సమయానికి మోచేతులు పూర్తిగా చాచి ఉన్నాయో, ఇంకా వంగి ఉన్నాయో తెలుస్తుంది. మా కోచ్ ఆ జెండాల కింద నుంచి గోడ వరకు ఉన్న ఆ కాస్త దూరాన్నే ఒక సాయంత్రమంతా ఈదించేవారు, అప్పట్లో అది నాకు శిక్షలా అనిపించేది.