చిన్న క్యాటమరాన్ రేసులు: క్లాసుల మధ్య పోటీ వల్లనే పడవల సంఖ్య తగ్గుతోందా?

ప్రశ్న: ఉత్తరసముద్రం

అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్ పడమటి తీరంలో, పడవలను ఇసుక మీదనే నిలిపి ఉంచుకునే ఒక చిన్న క్లబ్బులో నేనూ నా భార్యా కొంతకాలంగా సెయిలింగ్ నేర్చుకుంటున్నాము. వచ్చే వేసవి నాటికి ఎవరైనా వాడిన క్యాటమరాన్ (రెండు సన్నని పడవ దేహాలను జతచేసిన తెరచాప పడవ) ఒకటి కొనుక్కుని రేసుల్లో దిగాలని మా కోరిక. అయితే మా తీరంలో హోబీ 16లు కొన్ని, ఫార్ములా 18లు కొన్ని, డార్ట్ 18లు రెండో మూడో, ఒకటి రెండు ఫార్ములా 16లు, ఒక్కరే నడిపే ఎ-క్లాస్ పడవలు, ఇలా అన్ని రకాలూ ఉన్నాయి కానీ, ఏ రకమూ విడిగా ఒక రేసు పెట్టుకోగలిగినన్ని లేవు. అందువల్ల వారాంతపు రేసులన్నీ హ్యాండీక్యాప్ లెక్క (పడవ రకాన్ని బట్టి దాని సమయాన్ని సవరించే లెక్క) మీదనే నడుస్తున్నాయి. ముందుగా గీత దాటినవారు గెలిచినట్టు కాదు. ఒడ్డుకు వచ్చి, లెక్క పూర్తయ్యాకనే విజేత ఎవరో తెలుస్తుంది.

ఒకే నిబంధనల కింద పోటీపడే పడవల వర్గాన్ని క్లాసు అంటారు. సలహా అడిగితే ఏ క్లాసువారు ఆ క్లాసు పడవే కొనమంటున్నారు. అంతటితో ఆగకుండా, పక్క క్లాసు ఇక ఎన్నాళ్లో నిలవదని కూడా చెబుతున్నారు. నాకు రెండు సందేహాలున్నాయి. ఇన్ని క్లాసులు ఉండటమూ, వాటి మధ్య ఈ స్పర్ధ ఉండటమూ రేసులకు వచ్చేవారి సంఖ్యను నిజంగా తగ్గిస్తున్నాయా? మేమిద్దరం కలిసి 130 కిలోల బరువుంటాము. మాబోటివారు ఏ క్లాసును ఎంచుకుంటే పదిమందితో కలిసి రేసు చేసే అవకాశం ఉంటుంది?

జవాబు: గాలివాటు

మీ మొదటి సందేహానికి నా సమాధానం అవుననే. అయితే క్లాసులు ఎక్కువగా ఉండటం ఒక్కటే కారణం కాదు. ఒకే తీరంలో, ఒకే బరువున్న జట్ల కోసం, ఇంచుమించు ఒకే వేగంతో వెళ్లే పడవలు వేర్వేరు నిబంధనల కింద పోటీపడటమే అసలు నష్టం చేస్తున్నది.

ఫార్ములా 18 పుట్టుకే దీనికి మంచి ఉదాహరణ. 1990ల వరకు పడవలు తయారుచేసే ప్రతి సంస్థా తనదంటూ ఒక 18 అడుగుల పడవను అమ్ముకుని, దానికొక క్లాసు సంఘాన్ని పెట్టించేది. హోబీ 18, ప్రిండిల్ 18, డార్ట్ 18, ఇలా ఎవరి గుంపు వారిది. పొడవు 5.52 మీటర్లు, వెడల్పు 2.60 మీటర్లు మించకూడదనీ, పడవ బరువు 180 కిలోలకు తగ్గకూడదనీ హద్దులు పెట్టి, ఆ హద్దులకు లోబడి ఏ సంస్థ పడవైనా ఒకే రేసులో దిగవచ్చునన్నది ఫార్ములా 18 ఆలోచన. తెరచాప స్తంభం అల్యూమినియంతోనే చేయాలనీ, హల్స్‌లో (నీటి మీద తేలే పడవ దేహాల్లో) కార్బన్ వాడకూడదనీ ఖర్చుకు కూడా పగ్గం వేశారు. తేలికైన జట్లు 19 చదరపు మీటర్ల చిన్న స్పిన్నేకర్‌నూ (గాలి వాలున వెళ్లేటప్పుడు ముందువైపు ఎత్తే ఉబ్బు తెరచాప), బరువైన జట్లు 21 చదరపు మీటర్ల పెద్దదాన్నీ వాడేలా ఏర్పాటు చేయడంతో భార్యాభర్తల జట్టు, ఇద్దరు దృఢకాయుల జట్టు ఒకే గీత మీద బయలుదేరడం సాధ్యమైంది. ఆ క్లాసు ప్రపంచ పోటీలకు వందకు పైగా పడవలు వచ్చిన సందర్భాలు ఉన్నాయంటే, ఈ ఏర్పాటు వల్లనే. సంస్థల మధ్య పోటీ అలాగే ఉన్నది, కానీ అది ఒకే రేసు లోపల జరుగుతున్నది. అటువంటి స్పర్ధ పడవల సంఖ్యను పెంచుతుంది.

అటు తరువాత ఫార్ములా 16 వచ్చింది. పొడవు 5.00 మీటర్లు, వెడల్పు 2.50 మీటర్లు, ఇద్దరు నడిపేటప్పుడు కనీస బరువు 107 కిలోలు. పైగా కార్బన్ వాడకానికి అనుమతి ఉంది. ఒక్కరుగా నడిపేవారూ ఇద్దరుగా నడిపేవారూ హ్యాండీక్యాప్ లేకుండా ఒకరితో ఒకరు పోటీపడవచ్చు. చక్కని పడవ, ఇసుక మీద లాగడానికి ఎంతో సులువు. కానీ రేసు మార్గంలో దాని వేగం ఫార్ములా 18కి దగ్గరగా ఉండటంతో, రెండింటినీ ఒకే ప్రారంభరేఖ మీద కలపాలా వద్దా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. వాదనలో ఎవరి పక్షం నెగ్గినా, ఒక తీరంలో ఒకే గుంపుగా ఎదగవలసిన పడవలు రెండు చిన్న గుంపులయ్యాయి. ఇది నన్ను ఇప్పటికీ బాధించే విషయం.

హ్యాండీక్యాప్ లెక్కను తీసిపారేయవలసిన పని లేదు. అది లేకపోతే టెక్సెల్ దీవి చుట్టూ 1978 నుంచి జరుగుతున్న రౌండ్ టెక్సెల్ వంటి రేసు అన్ని రకాల పడవలను ఒకచోటికి తెచ్చి ఉండేదే కాదు. మంచి రోజుల్లో ఆ రేసుకు వందలాది పడవలు వచ్చేవి. కానీ టెక్సెల్ రేటింగ్ అయినా, ఎస్‌సీహెచ్‌ఆర్‌ఎస్ అయినా, ఏ హ్యాండీక్యాప్ పద్ధతైనా పొడవు, బరువు, తెరచాప వైశాల్యం వంటి కొలతల నుంచి పడవకొక అంకె కడుతుంది. ఆనాటి గాలి ఎంతన్నది ఆ అంకెకు తెలియదు. గాలి పలచగా ఉన్న రోజు తేలికైన పడవకూ, గాలి వాలున సాగే దారి ఎక్కువగా ఉన్న రోజు స్పిన్నేకర్ ఉన్న పడవకూ లాభం కలుగుతుంది. ఏటికొకసారి జరిగే పెద్ద రేసులో దీన్ని అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు; ప్రతి ఆదివారమూ అదే అయితే, బాగా నడిపినందుకు గెలిచానో గాలి కలిసివచ్చి గెలిచానో తెలియక కొత్తవారు మెల్లగా రావడం మానేస్తారు.

మీ రెండో సందేహం గురించి ఒక్క మాట. ఏ పడవ గొప్పదని అడగకండి, మీకు అరగంట దూరంలోని క్లబ్బుల్లో ఏ పడవ ఎక్కువగా ఉన్నదో స్వయంగా వెళ్లి లెక్కపెట్టండి.

జవాబు: ఒంటరిచాప

గాలివాటు గారు చెప్పినవాటిలో చాలావరకు అంగీకరిస్తాను. కానీ, ఒక క్లాసు లోపల మార్పు ఆగిపోతేనే అది బతుకుతుందన్న భావన కలుగుతుందేమోనని ఈ జవాబు రాస్తున్నాను. నేను ఆస్ట్రేలియాలో ఎ-క్లాస్ నడుపుతాను. పొడవు 5.49 మీటర్లు, వెడల్పు 2.30 మీటర్లు, తెరచాప వైశాల్యం 13.94 చదరపు మీటర్లు, కనీస బరువు 75 కిలోలు. ఈ కొద్ది హద్దులు దాటకుండా ఎవరికి తోచిన రూపంలో వారు పడవ చేసుకోవచ్చు. అర్ధశతాబ్దానికి పైగా ఈ క్లాసు నిలిచి ఉండటానికి ఆ స్వేచ్ఛే ఆయువుపట్టు అని నేను నమ్ముతాను. ఒలింపిక్ పతకం, అమెరికా కప్ రెండూ సాధించిన గ్లెన్ యాష్‌బీ వంటివారు పదేపదే ఈ క్లాసుకు వచ్చి ప్రపంచ పోటీల్లో గెలిచారంటే, ఇక్కడ నేర్చుకోవలసింది ఎప్పుడూ మిగిలే ఉంటుంది కాబట్టే.

అయితే ఈ స్వేచ్ఛ ఒక దశలో మమ్మల్ని చీల్చివేసేంత దూరం వెళ్లింది. నీటి అడుగున ఉండే ఫాయిల్స్ మీద పడవ మొత్తం గాలిలోకి లేచి పరుగెత్తడం సాధ్యమయ్యాక, జడ్ ఆకారపు బోర్డులు (నీటిలోకి దించే పలకలు) ఉన్న పడవల ముందు పాత పడవలు నిలవలేని పరిస్థితి వచ్చింది. అంత డబ్బు పెట్టలేనివారు, అరవై దాటిన శరీరంతో ఆ వేగాన కింద పడదలచుకోనివారు క్లాసు వదిలి వెళ్లిపోయేవారే. సంఘం అప్పుడు తీసుకున్న నిర్ణయం నాకు ఎంతో మెచ్చదగినదిగా తోస్తుంది. నీటిని విడిచి లేవని పడవలకు క్లాసిక్ అనీ, ఫాయిల్స్ మీద లేచేవాటికి ఓపెన్ అనీ రెండు విభాగాలు చేసి, ఒకే సంఘం కింద, ఒకే రేవులో, ఒకే వారంలో పోటీలు పెట్టారు. గుంపు రెండయినా ఊరు ఒకటిగానే మిగిలింది. ఫార్ములా 16, ఫార్ములా 18 సంఘాలు మొదట్లోనే ఇలా ఒక గొడుగు కిందకు వచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేది.

కాబట్టి క్లాసును కాపాడేది నిబంధనలు మారకపోవడం కాదు. పాత పడవ యజమానికి వచ్చే ఏడాది కూడా రావడానికి ఒక కారణం మిగల్చడమే.

జవాబు: హుస్సేన్‌సాగర్ గట్టు

ఒలింపిక్స్ ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. రాడ్నీ మార్చ్ 1967లో రూపొందించిన టొర్నాడో 1976 నుంచి 2008 వరకు ఒలింపిక్ పడవగా ఉన్నది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు బహుళ హల్స్ పడవల పోటీనే తొలగించడంతో, టొర్నాడో క్లాసుకు జాతీయ సంఘాల నుంచి అందే డబ్బూ, శిక్షకులూ, యువ జట్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ పడవ అంతకుముందు కంటే నెమ్మదించిందీ లేదు, చెడిపోయిందీ లేదు. 2016 రియోలో పోటీ తిరిగి వచ్చేసరికి ఆ స్థానంలో నాక్రా 17 ఉన్నది. జట్టులో ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉండాలన్న నిబంధన చాలా మంచిది; అంతకుముందు రెండుసార్లు టొర్నాడోలో కాంస్యం గెలిచిన సాంటియాగో లాంగే 54 ఏళ్ల వయసులో సిసీలియా కరాన్సాతో కలిసి నాక్రా 17లో స్వర్ణం గెలవడం ఈ క్రీడ చరిత్రలో నాకు అత్యంత ప్రియమైన ఘట్టం. కానీ ఆ పడవ ఫాయిల్స్ మీద లేచే రకంగా మారాక వారాంతంలో సరదాగా రేసు చేసేవారికి అందనంత దూరమైంది. పైస్థాయిలో ఒక పడవ, తీరంలో మరొక పడవ అయినప్పుడు, కింది నుంచి పైకి ఎక్కే మెట్లు తెగిపోతాయి.

మా హైదరాబాద్‌లో క్యాటమరాన్ క్లాసులు లేవు. కానీ ఏటా జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను గట్టు మీద నిలబడి చూసినవారికి, ఒక్కరే నడిపే లేజర్ పడవలు ఒకే గీత మీద వరుసగా బయలుదేరే దృశ్యమే ఒక క్లాసు బలం ఏమిటో చెబుతుంది. మన పిల్లలు ఆప్టిమిస్ట్ అనే చిన్న పిల్లల పడవలో మొదలుపెట్టి లేజర్‌కు వెళ్లడంలో సందేహం ఉండదు. తరువాత ఏ పడవ ఎక్కాలన్నది వారికి ముందే తెలుసు. క్యాటమరాన్లలో నాక్రా 15ను యువత కోసం ఎంచుకున్నది ఆ స్పష్టత కోసమే. అది నిలదొక్కుకోవాలని కోరుకుంటున్నాను.

ఉత్తరసముద్రం:

అందరికీ కృతజ్ఞతలు. చుట్టుపక్కల క్లబ్బుల్లో విచారిస్తే హోబీ 16లూ, ఫార్ములా 18లూ మాత్రమే చెప్పుకోదగినన్ని ఉన్నాయని తేలింది. మా బరువుకు ఈ రెండింటిలో ఏది తగినది?

గాలివాటు:

ఫార్ములా 18 నా సొంత క్లాసే అయినా, మీకు హోబీ 16 కొనమనే చెబుతాను. దాని నిబంధనల ప్రకారం జట్టు కనీస బరువు 129.3 కిలోలు, మీరు అదనపు బరువు కట్టుకోకుండానే సరిపోతారు. పడవ బరువు 145 కిలోలు కాబట్టి ఇద్దరే ఇసుక మీద లాగగలరు. డాగర్‌బోర్డులు (హల్స్ నుంచి నీటిలోకి దించే పలకలు) లేవు, చుక్కానులు నేల తగిలితే పైకి లేస్తాయి, అందువల్ల మీ తీరపు అలల్లో దించడం తేలిక. లక్షకు పైగా తయారైన పడవ కనుక విడిభాగాలకు కొరత ఉండదు. తయారైన ఏడాదులు వేరైనా రూపం ఒక్కటే. ప్రపంచ పోటీల్లోనైతే నిర్వాహకులే కొత్త పడవలు తెచ్చి, రేసు రేసుకూ జట్ల మధ్య మార్చి ఇస్తారు. గాలి వాలున వేగం పెరిగినప్పుడు ముక్కు నీటిలోకి దిగి పడవ పల్టీ కొట్టే స్వభావం మాత్రం దానికుంది, కాబట్టి ట్రాపీజ్ మీద (పడవ బయటికి వేలాడే తాడు మీద) ఉన్నవారు ఎప్పుడు వెనక్కు జరగాలో ముందుగా నేర్చుకోండి.

కొనేముందు హల్స్ పైభాగాన్ని బొటనవేలితో అంతటా నొక్కి చూడండి. ముఖ్యంగా స్తంభానికి ముందున్న భాగంలో ఎక్కడైనా మెత్తగా కుంగితే లోపలి పొర విడిపోయిందని అర్థం. ధర ఎంత తక్కువైనా ఆ పడవను వదిలేయండి. ఇంకొకటి, కొన్న వెంటనే మీ క్లబ్బులోని హోబీవారినీ, పక్క క్లబ్బుల హోబీవారినీ కలిపి, నెలకొక ఆదివారమైనా హ్యాండీక్యాప్ లేకుండా విడిగా ఒక ప్రారంభం ఇవ్వమని రేసు కమిటీని అడగండి. చాలా క్లబ్బుల్లో ఐదు పడవలు వస్తామంటే కాదనరు.