ఐదు గిగాహెర్ట్జ్ దగ్గర వంద డిగ్రీలు: వోల్టేజి ఎంతవరకు పెంచవచ్చు?

రాగితీగ:
నా ఐ7-8700కె ప్రాసెసర్‌లో ఆరు కోర్లనూ ఫ్యాక్టరీ వేగం దాటించి 5.0 గిగాహెర్ట్జ్‌కు పెట్టాను. మల్టిప్లయర్ (మూల వేగాన్ని గుణించే అంకె) 50, బయోస్‌లో (బోర్డు అమరికల తెరలో) వోల్టేజి 1.38 దగ్గర స్థిరం. రెండు ఫ్యాన్ల టవర్ కూలర్. ఆటలాడేటప్పుడు 75 డిగ్రీలు దాటదు. ప్రాసెసర్‌కు గరిష్ఠ పని పెట్టే ప్రైమ్95లో చిన్న ఎఫ్ఎఫ్‌టీ (అన్నిటికన్నా వేడెక్కించే) పరీక్ష మొదలుపెడితే మాత్రం నిమిషం తిరక్కుండానే రెండు కోర్లు వంద తాకుతున్నాయి, వేగం దానంతటదే పడిపోతోంది. 1.35కు దించితే వేడి తగ్గుతుంది గానీ పరీక్ష మధ్యలో నీలితెర వచ్చి విండోస్ ఆగిపోతోంది. ఇంకా పెద్ద కూలర్ కొనాలా, వేరే దారి ఉందా?

గుణకం:
కొనకముందు ఒక లెక్క చూడండి. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో పాటు పెరుగుతుంది. ఈ చిప్పుల్లో చాలావాటికి 4.8 గిగాహెర్ట్జ్‌కు 1.26 వోల్టులు సరిపోతాయి, మీదీ అలాంటిదే అనుకుందాం. 1.26ను 1.38తో భాగించి వర్గం చేస్తే 0.83. వేగం నిష్పత్తి 0.96. రెండూ గుణిస్తే 0.80. అంటే వేగంలో నాలుగు శాతం వదులుకుంటే వేడి ఇరవై శాతం తగ్గుతుంది. లీకేజీ కరెంటును (పని లేకున్నా చిప్పులో కారిపోయేది) ఇందులో కలపలేదు. చిప్పు చల్లబడితే అదీ తగ్గుతుంది కాబట్టి అసలు లాభం ఇంకాస్త ఎక్కువే.

ఒక్కో వంద మెగాహెర్ట్జ్‌కు ఎంత వోల్టేజి అడుగుతోందో కాగితం మీద రాసుకోండి. మొదట్లో 0.02, 0.03తో సరిపెట్టుకునే చిప్పు ఒకచోట హఠాత్తుగా 0.06 అడుగుతుంది. మీరు ఆగాల్సింది అక్కడే. ఆ పైన వచ్చేది వేడే తప్ప వేగం కాదు.

వేడిగాలి:
కూలర్ సంగతికి వస్తే, పరీక్ష మొదలైన మొదటి రెండు మూడు సెకన్లలో ఉష్ణోగ్రత ఎలా కదులుతోందో చూశారా? నలభై నుంచి ఒక్కసారిగా ఎనభై అయిదుకు ఎగబాకితే వేడి కూలర్ దాకా చేరడం లేదన్నమాట. అలాంటప్పుడు ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఒరిగేది కొద్దిపాటే. అలా కాక నిమిషాల మీద మెల్లగా పైకి పాకితే కూలర్ చాలడం లేదని, లేదా కేబినెట్‌లో గాలి ఆడడం లేదని అర్థం.

8700కెలో సిలికాన్ ముక్కకూ పైనున్న లోహపు మూతకూ మధ్య ఉన్నది వేడిని దాటించే మామూలు పేస్టు. 2012లో ఐవీ బ్రిడ్జ్ తరంతో ఇంటెల్ తన మామూలు డెస్క్‌టాప్ చిప్పుల్లో టంకం మానేసి పేస్టు మొదలుపెట్టింది. 2018లో 9900కెతో మళ్లీ టంకానికి వచ్చింది. ఆ మధ్య తరాల్లో మూత ఊడదీసి లోపల ద్రవలోహం పూసిన వాళ్లకు పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గడం మామూలే. కాకపోతే అది గాలియం మిశ్రమం. విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది, మూత తీశారంటే వారంటీ పోయినట్లే. చెయ్యి తిరిగిన వారికే ఆ పని.

పాతకాపు:
1998 నాటి సెలరాన్ 300ఎ గుర్తున్న వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మల్టిప్లయర్ 4.5 దగ్గర తాళం వేసి ఉండేది. బస్సు వేగాన్ని (మల్టిప్లయర్ గుణించే మూల వేగాన్ని) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో పరుగెత్తేది, చాలాసార్లు వోల్టేజి ముట్టుకోకుండానే. 2011లో ఇంటెల్ 2600కె వచ్చినప్పుడు కూడా 3.4 గిగాహెర్ట్జ్‌గా అమ్మిన చిప్పును 4.5కు తీసుకెళ్లడం పెద్ద విద్యేమీ కాదు. ఇప్పుడు ఆ మిగులును ఫ్యాక్టరీలోనే పిండేస్తున్నారు. మనకు మిగిలేది రెండు మూడు వందల మెగాహెర్ట్జ్, దానికింత రభస.

చలిచీమ:
రాగితీగ గారూ, లోడ్‌లైన్ కాలిబ్రేషన్ ఎంతలో ఉంది? అది చెప్పకుండా 1.38 అంటే సగం మాటే చెప్పినట్లు. పని బరువు పడగానే ప్రాసెసర్‌కు అందే వోల్టేజి కొంత జారుతుంది, అలా జారేటట్లే రూపొందించారు. ఆ జారుడును తగ్గించేదే ఈ అమరిక. దాన్ని చివరి మెట్టుకు పెడితే తెర మీద అంకె గీత గీసినట్లు నిలకడగా కనిపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ బరువు దిగిన క్షణంలో వోల్టేజి పైకి ఎగిసిపడుతుంది. మైక్రోసెకన్లలో జరిగే ఆ ఎగుడుదిగుళ్లు ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకవు, ఆసిలోస్కోప్ ఉంటే తప్ప. మధ్య మెట్టు చాలు. మరో తిరకాసు: కొన్ని బోర్డుల్లో 1 అంటే అన్నిటికన్నా గట్టిది, మరికొన్నింటిలో 8 గట్టిది. మీ బోర్డు పుస్తకం చూడకుండా ఎవరో రాసిన అంకె పెట్టకండి.

రాగితీగ:
కాలిబ్రేషన్ చివరి మెట్టులోనే ఉంది. మధ్యకు దించాను. వేడిగాలి గారు చెప్పినట్లు చూస్తే, నొక్కిన మరుక్షణమే 38 నుంచి 86కు ఎగిరింది. కాబట్టి పెద్ద కూలర్ ఆలోచన మానేశాను. మూత ఊడదీసే ధైర్యం లేదు. 4.8కు దిగితే 1.27 అడిగింది, ప్రైమ్95 రాత్రంతా నడిచింది, గరిష్ఠం 84. అయినా ఐదు అన్న అంకె మీద మమకారం పోవడం లేదు. ఆటలకు మాత్రమే 5.0 ఉంచుకునే వీలుందా?

గుణకం:
ఉంది. బయోస్‌లో ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. అక్కడ 2 పెడితే ఏవీఎక్స్ ఆదేశాలు (ఒకేసారి చాలా అంకెలను లెక్కించే బరువైనవి, ప్రైమ్95 వాడేవి) వచ్చినప్పుడు మల్టిప్లయర్ 48కి దిగుతుంది, మిగతా సమయంలో 50. అయితే కొత్త ఆటల్లో కొన్ని ఏవీఎక్స్ వాడతాయి, అప్పుడు మీ ఐదు కాస్తా కనిపించదు.

వేడిగాలి:
అసలు చిన్న ఎఫ్ఎఫ్‌టీ అంత బరువు నిజమైన పనుల్లో ఎక్కడ వస్తుంది? ఆటలకే అయితే దాన్ని పక్కన పెట్టేయండి.

చలిచీమ:
దీంతో మాత్రం ఏకీభవించను. నేను రోజూ వీడియోలు ఎక్స్265 అనే సాఫ్ట్‌వేర్‌తో కుదిస్తాను, అది ఏవీఎక్స్2ను బాగా వాడుతుంది. నిలకడ లేని చిప్పు ఎప్పుడూ నీలితెర చూపించి పడిపోదు. ఒక్కోసారి తప్పు ఫలితాన్ని చడీచప్పుడు లేకుండా డిస్కు మీద రాసేస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 19 అనే హెచ్చరిక కనిపిస్తే చిప్పు తన తప్పును తానే దిద్దుకుందని అర్థం. యంత్రం నడుస్తోంది కదా అని దాన్ని వదిలేయకూడదు. ఇంకొకటి, మెమరీ వేగాన్ని పెంచే ఎక్స్ఎంపీ అమరికను ఆపి ముందు ప్రాసెసర్‌ను తేల్చుకోండి. రెండూ కలిపి పెంచితే దోషం ఎవరిదో తేలదు.

పాతకాపు:
ఇంటెల్ 13, 14 తరాల వాళ్లకు ఈ అంకెలు అన్వయించుకోకండి. ఎక్కువ వోల్టేజి వల్ల ఆ చిప్పుల్లో కొన్ని మెల్లగా పాడవుతున్నాయని తేలాక, ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి దిద్దుబాటు) ఇచ్చి, ప్రాసెసర్ అడిగే వోల్టేజిని 1.55 దగ్గర కట్టడి చేసింది. వాటికి ముందు బయోస్ అప్‌డేట్, తర్వాతే మిగతావి.

నిద్రలేమి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్. కోర్ల వోల్టేజిని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టాను. అన్ని కోర్లకూ పని పెట్టే సినీబెంచ్ పరీక్ష ఎంతసేపైనా నడుస్తుంది. ఏ పనీ లేకుండా వదిలేస్తే రీస్టార్ట్ అవుతోంది. బరువు మోసేటప్పుడు లేని బాధ ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు?

చలిచీమ:
అన్ని కోర్లూ పనిలో ఉంటే వేగం తక్కువ, కాబట్టి తక్కువ వోల్టేజితో గట్టెక్కుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు నేపథ్యంలో ఏదో చిన్న పని లేచి, ఒక్క కోరు గరిష్ఠ వేగానికి దూకుతుంది. మీరు కోసిన వోల్టేజి అక్కడ చాలడం లేదు. ఒక్కో అంకె దాదాపు 3 నుంచి 5 మిల్లీవోల్టులు, ముప్పై అంటే తక్కువేం కాదు. చిప్పు మేలైనవిగా గుర్తించిన రెండు కోర్లకు తరచూ తక్కువ కోతే పడుతుంది, వాటికి మైనస్ 10తో మొదలుపెట్టండి. కోర్‌సైక్లర్ అనే సాధనం ఒక్కో కోరునే విడిగా పరీక్షిస్తుంది, ఏది తడబడుతోందో దానితో బయటపడుతుంది.

గుణకం:
కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా అందిన వేగం) కూడా గమనించండి. వోల్టేజి మరీ తగ్గితే రైజెన్ పడిపోకుండా గడియారాన్ని సాగదీస్తుంది, అంటే క్షణకాలం నెమ్మదిస్తుంది. పైకి 4.8 అని కనిపిస్తూనే ఉంటుంది, స్కోరు మాత్రం తగ్గుతుంది.